తాళ్ళతో బిగించిన హుడీ

ఆ గురువారం ఉదయం బాబ్జాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, కూతురిని బడి బస్సు ఎక్కించాలి, ఒక హుడీని ఆదివారం దాకా ఎవరి ఒంటిమీదికీ ఎక్కకుండా దాచాలి, ఆపైన ఆఫీసుకు పోవాలి. మహాసామ్రాజ్యాలు కూలిపోయింది పెద్దపెద్ద పథకాల వల్లనని పండితులు సెలవిస్తారు గాని, చిన్న పథకాలు కూల్చిన సంసారాల గురించి మాట్లాడే తీరిక వారికి దొరికినట్టు లేదు.

హుడీ అంటే దళసరి నూలుతో, లోపల మెత్తటి నూగుతో, నెత్తిమీదికి లాక్కునే టోపీతో కుట్టిన చలికోటు. ఐదో తరగతి ముగించి పెద్దబడికి వెళ్ళిపోయే పిల్లలకు ఇచ్చేది కనుక దీనిని లీవర్స్ హుడీ అంటారు. వీపు మీద తరగతిలోని పిల్లలందరి పేర్లూ అచ్చయి ఉంటాయి. ఏదో చలిదేశంలో పుట్టిన ఈ ఆచారం సిలబస్ పుస్తకాలతోపాటు ఓడ దిగి సౌదీలోని రాబిగ్ చేరుకుంది. రాబిగ్‌లో జూన్ నెలలో ఎర్రసముద్రం మీదినుంచి వచ్చే గాలి సైతం నుదుటి చెమట తుడుచుకుంటూ వస్తుంది. అయినా ఆచారాన్ని కారణం అడగడం మన రక్తంలో లేదు. తల్లిదండ్రులందరూ సంతోషంగా పిల్లలకు ఒక్కో హుడీ, గౌరవార్థం ప్రిన్సిపాల్ ఉమాదేవిగారికి ఒక హుడీ కుట్టించారు.

కిందటేడు పిల్లలు వాటిని నెలల ముందే తొడిగేసుకున్నారు. చివరిరోజు నాటికి సగం హుడీలు టమాటా సాసుతో రంగు మారాయి, ఒకటి ఫుట్‌బాల్ ఆటలో గోల్‌పోస్టుగా పనిచేస్తూ చిరిగిపోయింది. ఈ అరాచకాన్ని అరికట్టడానికి తల్లిదండ్రుల సంఘం సమావేశమై, నియమం రాసే బాధ్యతను కార్యదర్శి బాబ్జాన్‌కు అప్పగించింది. బాబ్జాన్ సొంత ఊరు రాయచోటి. రిఫైనరీకి మరమ్మతులు చేసే ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. సంతకం లేనిదే దేవదూతకైనా ఒక్క నట్టు ఇవ్వని మనిషి. ఆయన రాసిన నియమం ఇది: "ప్రాథమిక విద్య పూర్తికాక పూర్వం లీవర్స్ హుడీని ఏ వ్యక్తియు, ఏ కారణముచేతను, ఏ స్థలమందును ధరించరాదు. ధరింపబడినట్లు తేలిన హుడీ ఎవరిదో, ఆ విద్యార్థి చివరిరోజు ఊరేగింపున నడుచుటకు అనర్హుడు. హుడీ లేని విద్యార్థియు అనర్హుడే."

ఉమాదేవిగారు దానిని రెండుసార్లు చదివి, "రాజ్యాంగంలా ఉందండీ," అన్నారు. ఆనాటినుంచి బాబ్జాన్ చొక్కా గుండీల మీద పని ఒత్తిడి పెరిగింది.

రాజ్యాంగానికి మొదటి ప్రతిపక్షం ఇంట్లోనే పుట్టింది. షబ్నమ్‌కు పదేళ్ళు, ఒక్కతే కూతురు. మూడో తరగతి నుంచీ ఆ ఊరేగింపు కోసం ఎదురుచూస్తున్నది. స్నేహితురాళ్ళలో ఒకతె జిద్దాకు, ఒకతె నజ్రాన్‌కు, మరొకతె కేరళకు వెళ్ళిపోబోతున్నారు. నలుగురూ చేతులు పట్టుకుని, ఒకే రంగు హుడీల్లో, గేటు నుంచి వేదిక దాకా నడవాలన్నది వాళ్ళు చేసుకున్న ఒప్పందం. ఆ లోపల ఒక్కసారైనా అద్దంలో చూసుకోవాలన్నది షబ్నమ్ సొంత కోరిక.

"ఒక్కసారి ఏసుకుని సూసుకుంటా నాయనా. మళ్ళీ మడత పెట్టి ఇచ్చేస్తా."

"అద్దంలో సూసుకున్నా ధరించినట్లే."

"లైటు ఆర్పేసి సూసుకుంటా."

వాదనలోని పదును చూసి బాబ్జాన్‌కు తండ్రిగా ముచ్చటేసింది, కార్యదర్శిగా భయమేసింది. "సెక్రటరీ కూతురే తప్పితే జనం ఏమనుకుంటారమ్మా?"

"బిడ్డ అడిగేది ఒంటిమీదికి ఒక గుడ్డ," అంది వంటింట్లోంచి ఆయన భార్య ఆరిఫా. "దానికి నువ్వు పోలీసు స్టేషనే పెడితివి."

బస్సు వచ్చి షబ్నమ్‌ను తీసుకుపోగానే బాబ్జాన్ రంగంలోకి దిగాడు. బీరువాకు తాళం లేదు. సూట్‌కేసు జిప్పు షబ్నమ్ వేళ్ళకు లొంగిపోయిన చరిత్ర ఉంది. కనుక ఆయన అట్టపెట్టెను ఎన్నుకున్నాడు. గల్ఫ్‌లో పన్నెండేళ్ళుగా కార్టన్లు కట్టిన చేతులవి. హుడీని అడుగున పరిచాడు. పదేళ్ళ పిల్ల కదిలించలేనంత బరువు ఉండాలి కనుక దానిమీద పాలపొడి డబ్బాలు, సబ్బుపొడి సంచులు, ఖర్జూరం పెట్టెలు పేర్చాడు. గోధుమరంగు టేపు చుట్టాడు. నైలాను తాడు అడ్డంగా, నిలువుగా లాగి, మోకాలు ఆనించి, పంటితో ముడి బిగించాడు. ఆపైన మార్కరు పెన్ను తానుగా చేతిలోకి వచ్చి, పెట్టె నాలుగు వైపులా పెద్ద అక్షరాలతో ఆయన పేరు, ఊరు, ఫోను నంబరు రాసేసింది.

ఆరిఫా నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది. "రాయచోటి అని యాల రాసినావు? హుడీ ఊరికి పోతాదా?"

"చేతికి అలవాటైపోయింది లే. ఇదిగో, లోపల ఏముండాదో ఎవరికీ సెప్పొద్దు. సొంత బిడ్డనే నమ్మలేక తాళ్ళు కట్టినాడని తెలిస్తే కమిటీ పరువు పోతాది. సాయంకాలం లోపల ఇంకా భద్రమైన తావు సూసి మనిషిని పంపిస్తా. వచ్చినోనికి ఇచ్చెయ్."

ఇలా రెండు ఆజ్ఞలు జారీచేసి ఆయన ఆఫీసుకు వెళ్ళిపోయాడు. రెండూ అక్షరాలా అమలు కావడమే తరువాత జరిగిన ఉపద్రవానికంతటికీ మూలం.

పై అంతస్తులో ఉండే ఫర్జానా కొత్తిమీర కోసం దిగివచ్చింది. ఆమెది హైదరాబాదు; కూతురు షబ్నమ్ తరగతే. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆమె చూపు కార్టన్ మీద పడింది. నాడి చూసి వైద్యుడు రోగం చెప్పినట్టు, కార్టన్ చూసి గల్ఫ్‌వాసి ప్రయాణం చెప్పగలడు. సూట్‌కేసు కనిపిస్తే సెలవు. తాళ్ళు బిగించి, నాలుగు వైపులా ఊరిపేరు రాసిన కార్టన్, అదీ జూన్ నెలలో, ఇంట్లో పిల్ల చదువు ఒక మెట్టు పూర్తవుతున్న సమయంలో కనిపిస్తే, దానికి ఒక్కటే అర్థం: ఖురూజ్. ఇఖామా అనే నివాస అనుమతిని వదిలేసి, మళ్ళీ తిరిగిరాకుండా సొంత దేశానికి వెళ్ళిపోవడం.

"ఏందీ ఆరిఫా, కార్టన్ కట్టిన్రు?"

"ఏం ల్యాదక్కా. ఊరికే."

"ఊర్కనే ఎవరన్న తాళ్ళు కడ్తరా? చెప్పవే."

"ఆయన సెప్పొద్దన్నాడు."

ఫర్జానా గొంతు తగ్గింది. "ఎప్పుడు?"

పెట్టె విప్పే రోజు గురించే అడుగుతున్నదనుకుంది ఆరిఫా. "ఆదివారం. పాప బడి అయిపోతానే."

"ఇంత దగ్గర్కొచ్చెనా. నాతోని ఒక్క ముక్క అనలే నువ్వు."

"అంటే షబ్నమ్ చెవిలో పడతాదని. అదసలే ఏడుస్తాంది."

ఫర్జానా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పక్కింటి పిల్ల హుడీ కోసం కన్నీరు పెట్టే మనుషులు ఈ కాలంలోనూ ఉన్నారే అని ఆరిఫా మనసు కరిగి, కొత్తిమీరతోపాటు రెండు నిమ్మకాయలు కూడా ఇచ్చింది. ఫర్జానా మెట్లెక్కుతూ, కన్నీటిని ఒక చేత్తో తుడుచుకుంటూ, రెండో చేత్తో భవనంలోని మిగతా ఆడవాళ్ళతో వాట్సాప్‌లో ఒక కొత్త గుంపు తెరిచి వార్త పెట్టింది. ఆ కిందనే వాషింగ్ మిషన్ తనకు కావాలని కూడా పెట్టింది. దుఃఖం వేరు, ముందుచూపు వేరు.

పదకొండు గంటలకల్లా ఫ్రిజ్ కోసం రెండు కుటుంబాలు పోటీపడ్డాయి. సోఫా రంగు మీద చర్చ నడిచింది. వీటిలో ఏ ఒక్కటీ ఆరిఫాకు తెలియదు. వెళ్ళిపోయేవాళ్ళు బాధపడతారని ఆమె లేకుండా కొత్త గుంపు పెట్టుకునేంత సంస్కారం ఆ భవనానికి ఉంది.

కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసే వాజిద్‌కు ఈ వార్త భార్య ద్వారా చేరింది. ఆయన స్టోరు దాకా నడిచివచ్చి బాబ్జాన్ భుజం మీద చెయ్యి వేశాడు. స్టోరుకు ఆయన రావడమే అపూర్వం. భుజం మీద చెయ్యి వేయడం కంపెనీ చరిత్రలో లేదు.

"విన్న బాబ్జాన్ భాయ్. దిల్ భారీ అయింది. ఫైసలా నువ్వే తీస్కున్నవంట?"

నియమం కీర్తి ఆఫీసు దాకా పాకిందని బాబ్జాన్ లోలోపల ఉప్పొంగిపోయాడు. "అవును సార్. రాసింది నేనే."

"ఇంట్ల ఏమంటున్రు?"

"ఇంట్లో కొంచెం వ్యతిరేకత ఉండాది సార్. పాప ఏడుస్తాంది. అయినా రూలంటే రూలే గదా."

వాజిద్ తల పంకించాడు. "గీ రూల్స్ తోనే అందరు పోతున్నరు భాయ్."

"పోనీండి సార్. ఎప్పుడో ఒకనాడు అందరూ పోవాల్సినోళ్ళే గదా. మర్యాదగా, ఒక పద్ధతిగా పోతే అందమొస్తాది."

ఇంత స్థితప్రజ్ఞుడు తన కంపెనీలో గాస్కెట్లు లెక్కపెడుతూ బతికాడా అని వాజిద్ మనసులోనే సలాము చేశాడు. "మరి లెటర్ ఎప్పుడిస్తవ్?"

నియమం ప్రతి ఒకటి ఆఫీసు ఫైలులో ఉంచుకోవాలనుకుంటున్నారన్నమాట. "రేపు సెలవు గదా సార్, ఎల్లుండన్నా పంపిస్తా. ఇంగ్లీషులో కూడా ఉండాది."

ఈ సంభాషణను ఏసీ పైపు మీద వంగి పనిచేస్తున్న నాగేందర్ విన్నాడు. అతనిది జగిత్యాల వైపు, ఏసీ మెకానిక్కు. ఆ సాయంత్రమే విమానమెక్కి రెండు నెలల సెలవు మీద ఇంటికి పోతున్నాడు. తన సెలవు దరఖాస్తులన్నీ రాసిపెట్టిన బాబ్జానన్న తట్టాబుట్టా సర్దుకుని పోతున్నాడని వినేసరికి పని అక్కడితో ఆపేశాడు. అన్న ముందు నిలబడితే ఏడుపొస్తుందని నిలబడలేదు. దానికి బదులు ఒక మేలు చేయదలచుకున్నాడు. సంసారం మొత్తం ఎత్తుకుపోయేవానికి సామాను భారం ఎంత ఉంటుందో గల్ఫ్‌లో చెప్పించుకోవలసినవాడు లేడు. తన టికెట్టులో కొంత బరువుకు చోటుంది. మధ్యాహ్నం సామాన్లు సర్దుకునే ముందు నేరుగా బాబ్జాన్ ఇంటికి పోయాడు. గుమ్మంలోనే తాళ్ళు బిగించిన కార్టన్ కనిపించింది.

"వదినే, అన్న కార్టన్ నేను తీస్కపోత."

ఆరిఫా తేలికగా ఊపిరి పీల్చుకుంది. "మనిషిని పంపిస్తానని పొద్దున్నే సెప్పినాడు. నువ్వేనా? భద్రంగా ఉంటాదా?"

"మస్తు భద్రం. నా పానం లెక్క సూస్కుంట."

"ఎవురు అడిగినా ఇయ్యొద్దు సామీ."

"పానం బోయినా ఇయ్య వదినే." కార్టన్‌ను భుజానికెత్తుకుని, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగాడు. ఈ రోజు ఈ హుడీని తలచుకుని ఎంతమంది ఏడుస్తున్నారో అని ఆరిఫా ఆశ్చర్యపోయింది.

సాయంత్రం బాబ్జాన్ ఇంటికి వచ్చేసరికి మెట్ల మీద ముగ్గురు ఆయనను కౌగిలించుకున్నారు. తెలిసో తెలియకో చేసిన తప్పులు మన్నించమని ఒకాయన చేతులు పట్టుకున్నాడు. మన్నించేశాడు బాబ్జాన్, కార్యదర్శులకు ఇటువంటి గౌరవాలు సహజమేననుకున్నాడు. ఇంట్లో ముక్కూమొహం తెలియని మనిషి ఒకడు టేపు పట్టుకుని ఫ్రిజ్ ఎత్తు కొలుస్తున్నాడు. పై అంతస్తు నుంచి బిర్యానీ దమ్ము వాసన దిగివస్తున్నది.

"ఎవురాయన?" అని అడిగాడు భార్యను.

"నువ్వు పంపినోడనుకున్నా."

అప్పుడే ఫర్జానా గిన్నె మూతతో విసురుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "బాబ్జాన్ భాయ్, ఇషా నమాజ్ అయినంక అందరు మీదికి రావాలె. మీ ఖురూజ్ దావత్ మేమే జేస్తున్నం."

"ఎవరి ఖురూజు?"

విషయం బయటపడటానికి ఎంతోసేపు పట్టలేదు. "మేం యాడికీ పోవడంల్యా," అని బాబ్జాన్ ప్రకటించాడు. ఫర్జానా ముఖంలోకి సంతోషం వచ్చింది, కాని దారిలో ఎక్కడో కాస్త ఆలస్యమైంది. వాషింగ్ మిషన్ కోసం ఆమె బాల్కనీలో పూలకుండీలన్నీ ఒక పక్కకు జరిపేసింది మరి. టేపు మనిషి ఫ్రిజ్ వంక చివరిసారిగా చూసి వెళ్ళిపోయాడు.

"సరే, కార్టన్ యాడ?" అన్నాడు బాబ్జాన్.

"నాగేందర్ వచ్చి ఎత్తుకపోయినాడే. నువ్వే పంపినావంట గదా."

"నేనెవర్నీ పంపల్యా. పొద్దున్నుంచీ మర్చేపోయినా." ఆ మాట నోట్లో ఉండగానే ఆయన ముఖం పాలిపోయింది. "వాడు ఈ పొద్దే ఊరికి పోతాండాడు."

ఫోను చేస్తే స్విచ్ ఆఫ్. సెలవు మీద పోయేవాడు ఇక్కడి సిమ్ తీసి జేబులో వేసుకోవడం రివాజు. గది తలుపు దగ్గర షబ్నమ్ నిలబడి ఉంది. ఏడవడం లేదు; అదే తండ్రిని భయపెట్టింది.

"దాన్ని నేను ఒక్కసారన్నా ఏసుకోల్యా నాయనా," అంది నెమ్మదిగా. "ఇంగ జగిత్యాలలో ఉంటాదా అది? ఆదివారం వాళ్ళు ముగ్గురూ నడుస్తాంటే నేను నీ పక్కన కుర్చీలో కూసోవాల్నా?"

హుడీ లేని విద్యార్థియు అనర్హుడే. ఆ వాక్యం రాసిననాడు దాని ముగింపులోని బిగువు చూసి బాబ్జాన్ తన భుజం తానే తట్టుకున్నాడు. ఇప్పుడు కారు తాళాలు తీసుకుని, "చెప్పులేసుకో," అన్నాడు కూతురితో.

రాబిగ్ నుంచి జిద్దా విమానాశ్రయం దాకా ఆయన కారు నడిపిన తీరును రథయుద్ధాలతో పోల్చవచ్చు. అయితే రథాలకు వేగం పట్టే కెమెరాల భయం ఉండేది కాదు. కెమెరా ఉన్నచోట సాధువులా, లేనిచోట సుడిగాలిలా వెళ్ళాడు. షబ్నమ్ కిటికీకి ముక్కు ఆనించి, తాము దాటిపోయే ప్రతి బస్సు నెత్తిమీదా తాళ్ళు కట్టిన పెట్టె కోసం వెతికింది. పొద్దు సముద్రంలోకి దిగుతున్న వేళకు విమానాశ్రయంలోకి పరుగెత్తారు.

హైదరాబాదు విమానం వరుస ఎక్కడుందో అడగనక్కరలేదు. తాళ్ళు, కార్టన్లు, నేలమీద తెరిచిన పెట్టెలు, ఒకరి సామాను ఒకరి సంచిలోకి సర్దే బేరాలు. ఏసీ మాత్రం మంచుకొండను మరిపిస్తున్నది. ఆ గుంపులో ముందుగా షబ్నమ్‌కు కనిపించింది ఒక విశాలమైన వీపు. దానిమీద వరుసగా పిల్లల పేర్లు. నాలుగో వరుసలో, భుజం ఎముకకు కాస్త కింద, తన పేరు.

వీపు ఇటు తిరిగింది. నాగేందర్. టోపీ నెత్తిమీదికి లాక్కుని, దాని నాడా గడ్డం కింద ముడివేసుకుని, లోపల మూడు చొక్కాలు తొడుక్కున్నవాడై గుండ్రంగా నిలబడి ఉన్నాడు. డిగ్రీ చదువు దాకా పనికొస్తుందని బాబ్జాన్ పెద్దవాళ్ళ సైజు ఆర్డరు ఇవ్వడం వల్ల హుడీ అతనికి కొలత తీసి కుట్టినట్టు అమరింది.

"అన్నా? నువ్వెట్లొచ్చినవ్? మీరు ఆదివారం గదా పోయేది?"

"మేం పోవడంల్యా నాగేందర్. అదంతా పుకారు. అది యాల ఏసుకున్నావు?"

"కిలోలు ఎక్కువైనయన్నా. పెట్టెల ఉంటె తూకమేస్తరు, పెయి మీద ఉంటె ఎవడు తూకమేస్తడు? అయినా నీ సామాను ఒక్కటి ఇడ్సిపెట్టలే. పాలపొడి డబ్బలు గిక్కడున్నయ్." హుడీ ముందు జేబులో చెయ్యి పెట్టి రెండు డబ్బాలు తీసి చూపించాడు. "వదినెకు మాటిచ్చిన గద."

నిజమే. మనిషిని తూచే కాటా పెట్టాలన్న ఆలోచన ఏ విమానసంస్థకూ ఇంకా రాలేదు. వచ్చిన నాడు గల్ఫ్ ప్రయాణాలు ఆగిపోతాయి. బాబ్జాన్‌కు కోపం రావలసిన చోట నవ్వు వచ్చింది. ఆ వెంటనే కార్యదర్శి మేలుకున్నాడు. "నువ్వు ఐదో తరగతి పూర్తి చేసినావా?" అని అడిగాడు.

"నాలుగుల్నే బంద్ వెట్టిన. ఎందుకన్నా, బోర్డింగ్ పాస్ కు అది గూడ అడుగుతుండ్రా?"

"నాయనా," అంది షబ్నమ్. నియమంలో సందు ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికి వెతికి ఆమెకు అది కంఠస్థమైపోయింది. "'ఏ వ్యక్తియు' అని రాసినావు. 'ఏ స్థలమందును' అని రాసినావు. 'ధరింపబడినట్లు తేలిన హుడీ ఎవరిదో' అని రాసినావు. అది నాదే గదా. అంటే దొరికినా నేను నడవకూడదు."

ఇప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు, ముక్కు ఎగబీలుస్తూ. బాబ్జాన్ తన నియమాన్ని మొదటిసారిగా అవతలి కొస నుంచి విన్నాడు. ఎంత చక్కని కోట కట్టాడు. ఒక్క గవాక్షం లేదు, ఒక్క దొడ్డిదారి లేదు. తాను బయట నిలబడి కట్టాననుకున్నాడు. తీరా చూస్తే కూతురు లోపల ఉంది.

నాగేందర్ తప్పు చేసినవాడిలా టోపీ వెనక్కి తీశాడు. "నాకేం ఎర్కనే బిడ్డా. ఇప్పుడే ఇప్పేస్త."

షబ్నమ్ కన్నీళ్ళ మధ్యనుంచి పక్క వరుస వైపు వేలు చూపింది. "నాయనా, ఆడ ఇంకోరు ఏసుకోనుండారు."

పొట్టిమనిషి, అదే హుడీ, టోపీ ముఖం మీదికి దిగి ఉంది. బాబ్జాన్ ఆవేదన అంతా ధర్మాగ్రహంగా మారడానికి ఒక దారి దొరికింది. తన కూతురు నడవకూడదంటే, ఈ అపరాధి ఎవరో లోకానికి తెలియాలి. గబగబా వెళ్ళి ఆ వీపు వెనక నిలబడ్డాడు.

"ఏం పాపా, ఏ సెక్షన్ నువ్వు? ఐదో తరగతి అప్పుడే అయిపోయిందా నీకు?"

వీపు కదలలేదు. కొంచెం కుంచించుకుపోయింది.

"పెద్దోళ్ళెవరూ ల్యారా నీతో? సర్క్యులర్ సదవల్యా? ఏ వ్యక్తియు, ఏ కారణముచేతను..."

టోపీ నెమ్మదిగా ఇటు తిరిగింది. అందులోంచి కళ్ళజోడు, దాని వెనక ప్రిన్సిపాల్ ఉమాదేవిగారు బయటికి వచ్చారు.

"అయిపోయిందండీ," అన్నారామె. "ఎమ్మెస్సీ కూడా అయిపోయింది."

నియమాన్ని రాసినవాడు, దానిని జారీచేసిన ఆవిడ, ఒకరినొకరు చూసుకున్నారు. చివరిరోజు దాకా ఏ కుటుంబమూ సెలవు మీద వెళ్ళరాదనీ, టికెట్లు ముందే కొన్నామన్న సాకు చెల్లదనీ వారం కిందటనే ఆమె సంతకంతో మరొక సర్క్యులర్ కూడా వెలువడి ఉంది.

"టికెట్టు జనవరిలోనే కొనేశానండి, బాబ్జాన్ గారూ. ఆదివారం తర్వాత రేట్లు మీకు తెలియనిదేముంది. ఆదివారం పొద్దున్నే జ్వరమని గ్రూపులో పెడదామనుకున్నాను." ఆమె హుడీ చేతులు కిందికి లాక్కున్నారు. "ఇది పెట్టెలో పట్టలేదండీ. బరువు ఎక్కువైపోయింది."

నాగేందర్ మధ్యలోకి వచ్చాడు. "మేడం, మీ బరువు నాకియ్యుండ్రి. అన్న సామాను అన్నకు ఇచ్చేస్తున్న, నా దాంట్ల జాగ అయింది."

ఉమాదేవిగారి పచ్చళ్ళ సీసాలు కొన్ని అతని పెట్టెలోకి వెళ్ళాయి. ఆమె హుడీ విప్పి మడతపెట్టి సూట్‌కేసులో పెట్టారు. అప్పుడు గాని ఆమె చూపు షబ్నమ్ ముఖం మీద పడలేదు. నాగేందర్ ఒంటిమీది హుడీని చూశారు, పిల్ల బుగ్గల మీది చారలు చూశారు. బడి నడిపే మనిషికి అంతకన్నా వివరణ అవసరం లేదు.

"సవరణ రాసేద్దాం మేడం," అన్నాడు బాబ్జాన్ ఆదుర్దాగా. "విమాన ప్రయాణ నిమిత్తము, సామాను బరువు కారణముగా, వయోజనులు తాత్కాలికముగా ధరించిన హుడీ..."

"అలా అయితే విమానం ఎవరెక్కారని అడుగుతారండీ అందరూ. మొత్తం ఎత్తేద్దామా? రేపటినుంచి ఎవరైనా వేసుకోవచ్చని పెట్టేస్తాను."

జీవితంలో బాబ్జాన్ రాసినవాటిలో రాజ్యాంగమనిపించుకున్నది అదొక్కటే. దానికి పట్టుమని నెల కూడా నిండలేదు. కూతురి వైపు చూశాడు. ఆమె ఊపిరి బిగపట్టి తండ్రి నోటి వంక చూస్తున్నది.

"ఎత్తేయండి మేడం," అన్నాడు.

ఉమాదేవిగారు వరుసలో నిలబడే సందేశం పంపారు. నాగేందర్ హుడీ విప్పి, దులిపి, రెండు చేతులతో షబ్నమ్‌కు అందించాడు. "ఏస్కో బిడ్డా."

షబ్నమ్ దానిని ముక్కు దగ్గర పెట్టుకుంది. కొబ్బరినూనె, అత్తరు, మూడు చొక్కాల చెమట. "ఉతికినాక ఏసుకుంటా చిన్నాయనా," అంది మర్యాదగా. కారులో మాత్రం దానిని ఒళ్ళో పెట్టుకుని, వీపు మీది తన పేరును వేలితో దిద్దుకుంటూ రాబిగ్ చేరేదాకా కబుర్లు ఆపలేదు.

శుక్రవారమంతా బాబ్జాన్ ఇల్లిల్లూ తిరిగి తాను వెళ్ళడం లేదని విన్నవించుకోవలసి వచ్చింది. అందరూ సంతోషించారు, కాని వీడ్కోలు బిర్యానీ తిన్న తరువాత ఉండిపోవడం మర్యాద కాదన్నట్టే చూశారు. మన్నింపు అడిగిన ఆయన, ఆ మన్నింపు ఇంకా చెల్లుతుందో లేదో కనుక్కుని వెళ్ళాడు. రాజీనామా ఏమయిందని వాజిద్ ఫోను చేస్తే బాబ్జాన్ ఇచ్చిన మాట తప్పకుండా హుడీ నియమం పంపించాడు. దానిని చదివిన వాజిద్ చాలాసేపు ఆలోచించి, ఉద్యోగం యథాతథంగా ఉంచాడు.

ఆదివారం ప్రిన్సిపాల్‌గారికి జ్వరం తగిలిందని వేదిక మీద ప్రకటించారు. ఆమె త్వరగా కోలుకోవాలని కార్యదర్శి బాబ్జాన్ చేసిన ప్రార్థన అందరికన్నా హృదయపూర్వకంగా ఉందని సభికులు మెచ్చుకున్నారు. గేటు తెరుచుకుంది. పిల్లలు హుడీలు తొడుక్కుని, టోపీలు పెట్టుకుని, ఎండలోకి నడిచివచ్చారు. ముందు వరుసలో నలుగురు, చేతులు పట్టుకుని. షబ్నమ్ బుగ్గలు దానిమ్మపండులా ఎర్రబడ్డాయి, కళ్ళు మెరుస్తున్నాయి. గేటు నుంచి వేదిక దాకా ఆమె నడిచిన నడక చూసి ఆరిఫా లేచి నిలబడింది. బాబ్జాన్ ఫొటో తీయడం మరిచిపోయాడు.

వేదిక మెట్ల దగ్గరకు రాగానే షబ్నమ్ హుడీని తలమీదుగా లాగి తండ్రి ఒళ్ళో పడేసింది.

"ఉడికిపోతాండా నాయనా. ఇంగ ఇంటికి తీసకపో."

"ఇంగ ఏసుకోవా?"

"యాల? ఐదో తరగతి అయిపోయె గదా."

చుట్టూ ఉన్న తల్లిదండ్రులందరి ఒళ్ళలోనూ హుడీలు వచ్చి పడుతున్నాయి. పిల్లలంతా చొక్కాలతో ఐస్‌క్రీముల వైపు పరుగెత్తారు. ఆ సాయంత్రం నుంచి రాబిగ్‌లో హుడీ తొడిగిన పిల్లలు ఒక్కరూ కనిపించలేదు. ఆ నియమం రద్దయిన తరువాతనే సంపూర్ణంగా అమలులోకి వచ్చింది.